కిచెనర్ రేంజర్స్‌కి రెండు కప్పులా, మూడా? శుక్రవారంలోగా తేల్చండి, ఆఫీసులో నా పరువు పోతోంది

కిచెనర్_కిట్టు
నేను కెనడాలోని ఒంటారియోలో ఉన్న ఈ కిచెనర్ ఊరొచ్చి ఎనిమిది నెలలైంది. చలికాలంలో శుక్రవారం వచ్చిందంటే మా ఆఫీసులో నాలుగింటికే సగం మంది నీలం జెర్సీలు తొడుక్కుని మాయమైపోతారు. అడిగితే రేంజర్స్ మ్యాచ్ అన్నారు. పెద్దవాళ్ళ లీగు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడే న్యూయార్క్ రేంజర్స్ అనుకున్నా. కాదట. ఇది ఇక్కడి పిల్లల ఐస్ హాకీ టీమ్, 16 నుంచి 20 ఏళ్ళ కుర్రాళ్ళు ఆడతారు.

"ఓహో, అండర్-19 లాంటిదా? దానికి ఇంత హడావిడా?" అని నోరు జారాను. పక్క సీటు పెద్దాయన కాఫీ కింద పెట్టి ఒక చూపు చూశాడు. ఇంటర్లో నా లెక్కల మార్కులు చూసి మా నాన్న కూడా అలా చూడలేదు. చివరికి ఆయనే జాలిపడి వచ్చే శుక్రవారం మ్యాచ్‌కి తీసుకెళ్తానన్నాడు. కాకపోతే ఈలోగా టీమ్ చరిత్ర చదువుకుని రావాలట. "ఎన్ని కప్పులు గెలిచారో చెప్పు చాలు" అన్నాడు. ఇంతలో అవతలి క్యూబికల్ ఆయన లేచి "రెండు అని చెప్తే మాత్రం ఒప్పుకోను, మూడు" అన్నాడు. ఇద్దరూ అరగంట వాదించుకున్నారు. నా బిల్డ్ ఫెయిలయింది, పట్టించుకున్న నాథుడు లేడు.

ఎవరికైనా తెలుసా? ఎన్ని?

పుల్లట్టు
రెండు కప్పులా మూడు కప్పులా అంటే టీ గురించేమో అని లోపలికొచ్చా. సారీ.

మంచుముక్క
రెండు. 1982, 2003. థ్రెడ్ మూసేయండి.

వాటర్లూ_వెంకట్
మూసేయకండి, అంత తేలిగ్గా తేలే విషయం కాదు.

కిట్టూ, ముందు ఆ కప్పేంటో తెలుసుకో. దాని పేరు మెమోరియల్ కప్. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన కెనడా సైనికుల జ్ఞాపకార్థం 1919లో మొదలుపెట్టారు. దేశంలో మూడు పెద్ద జూనియర్ లీగులున్నాయి: ఒంటారియోది ఒకటి, పశ్చిమ రాష్ట్రాలది ఒకటి, క్యుబెక్‌ది ఒకటి. మొత్తం అరవై చిల్లర జట్లు. ఒక్కో లీగు విజేత ఒక్కటి, ఆతిథ్యమిచ్చే ఊరి జట్టు ఇంకొకటి, ఈ నాలుగూ మే నెలాఖర్లో ఆడతాయి. అంటే ముందు సీజన్లో 68 మ్యాచ్‌లు, ఆ తర్వాత నాలుగు రౌండ్ల ప్లేఆఫ్, ప్రతి రౌండూ ఏడింట్లో నాలుగు గెలవాలి. అదంతా దాటాక ఈ కప్పు. అందుకే అరవై ఏళ్ళలో రెండంటే తక్కువేం కాదు.

కిచెనర్ ఆరు ఫైనల్స్ ఆడింది. 1981, 1982, 1984, 1990, 2003, 2008. గెలిచినవి రెండే. మీ పెద్దాయన దగ్గర మార్కులు కావాలంటే గెలిచినవాటి గురించి కాదు, ఓడిన నాలుగింటి గురించి అడుగు. కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

గ్వెల్ఫ్_బాబాయ్
మూడు.

మంచుముక్క
వచ్చారండీ బాబాయ్.

గ్వెల్ఫ్_బాబాయ్
వచ్చాను, వివరంగానే చెప్తాను. 88 నుంచి గ్వెల్ఫ్‌లో ఉంటున్నాను, ఇలాంటివి నాలుగు వినే ఉంటాను కదా.

ఈ టీమ్ కిచెనర్‌లో పుట్టలేదు. గ్వెల్ఫ్‌లో బిల్ట్‌మోర్ అని టోపీలు చేసే ఫ్యాక్టరీ ఉండేది, ఆ పేరుతోనే గ్వెల్ఫ్ బిల్ట్‌మోర్స్ అని టీమ్. మ్యాడ్ హ్యాటర్స్ అని కూడా అనేవారు. అప్పట్లో న్యూయార్క్ రేంజర్స్‌కి కుర్రాళ్ళను తయారుచేసి పంపే టీమ్ ఇదే. 1952లో మెమోరియల్ కప్ కొట్టింది. ఆండీ బాత్‌గేట్, హ్యారీ హోవెల్, డీన్ ప్రెంటిస్, లూ ఫాంటినాటో, వీళ్ళంతా ఒకే టీమ్‌లో. బాత్‌గేట్, హోవెల్ ఇద్దరూ తర్వాత హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కారు. 1960లో పేరు మార్చి గ్వెల్ఫ్ రాయల్స్ అన్నారు. 1963లో పెట్టే బేడా సర్దుకుని ఇరవై నిమిషాల దూరంలో ఉన్న కిచెనర్‌కి వెళ్ళిపోయారు. అక్కడికెళ్ళాక రేంజర్స్ అయ్యారు. అదే క్లబ్బు, అదే వంశం. పిల్ల అత్తారింటికి వెళ్ళినంత మాత్రాన పుట్టింట్లో చదివిన డిగ్రీ చెల్లకుండా పోతుందా?

కాబట్టి 1952, 1982, 2003. మూడు.

ఉప్పల్_స్టాండ్
బాబాయ్ గారూ, ఈ లెక్కన డెక్కన్ చార్జర్స్ గెలిచిన 2009 కప్పు సన్‌రైజర్స్ ఖాతాలో వేద్దామా? ఎవరైనా వేస్తారా? మా సన్‌రైజర్స్‌కి 2016 ఒక్కటే.

గ్వెల్ఫ్_బాబాయ్
అది వేరు. చార్జర్స్‌ను 2012లో రద్దు చేసి కొత్త వాళ్ళకు కొత్తగా వేలం వేశారు. ఇక్కడ రద్దు లేదు, వేలం లేదు. సామాను బండెక్కింది, అంతే.

ఉప్పల్_స్టాండ్
అయినా స్టేడియంలో కూర్చుని అరిచింది గ్వెల్ఫ్ జనం కదా. కప్పు ఎవరిది, అరిచినవాడిది కాదా?

వాటర్లూ_వెంకట్
ఉప్పల్ పాయింట్‌కి ఇంకో ముడి కూడా ఉంది. గ్వెల్ఫ్‌కి 1986లో ఇంకో మెమోరియల్ కప్ వచ్చింది, గ్వెల్ఫ్ ప్లేటర్స్ అనే టీమ్ గెలిచింది. ఆ టీమ్ కూడా 1989లో ఓవెన్ సౌండ్‌కి మూటాముల్లె సర్దుకుంది. ఇప్పుడున్న గ్వెల్ఫ్ స్టార్మ్ మూడో టీమ్, 1991లో వచ్చింది. ఒంటారియో టైటిల్ నాలుగుసార్లు కొట్టారు గానీ మెమోరియల్ కప్ ఇంతవరకూ రాలేదు. అంటే బాబాయ్ లెక్క ఒప్పుకుంటే, రెండు కప్పులు గెలిచిన గ్వెల్ఫ్ ఊరికి మిగిలింది సున్నా.

గ్వెల్ఫ్_బాబాయ్
వెంకటూ, రాత్రి నిద్ర పట్టకుండా చేశావు.

లండన్_రాజా
మీ రెండు మూడు గొడవలో నేనెందుకు గానీ, మా లండన్ నైట్స్‌కి 2005, 2016, 2025. వీటిలో ఏదీ పక్క ఊరి నుంచి తెచ్చుకున్నది కాదు 🙂

(లండన్ అంటే ఇంగ్లండ్ కాదు. ఒంటారియోలో ఉన్న లండన్. మా అత్తగారు ఇప్పటికీ చుట్టాలకు "మా అల్లుడు లండన్‌లో ఉంటాడు" అనే చెప్తుంది, నేను సరిదిద్దను.)

మంచుముక్క
వచ్చాడు పాపాల భైరవుడు.

లండన్_రాజా
2025లో ఒంటారియో లీగు పశ్చిమ విభాగం ఫైనల్లో ఎవరిని 4-0తో ఊడ్చి పడేశామో ఎవరైనా కిట్టుకి చెప్పండి.

వాటర్లూ_వెంకట్
చెప్పం.

కిచెనర్_కిట్టు
అమ్మో, ఇంత ఉందా. ఆ 1982, 2003 గురించి కాస్త చెప్పరూ? సంవత్సరం బట్టీ పట్టి చెప్తే పెద్దాయన వెంటనే పట్టేస్తాడు.

వాటర్లూ_వెంకట్
1982 చెప్తాను. దానికి ముందు 1981 చెప్పాలి.

1981లో ఫైనల్ కార్న్‌వాల్ రాయల్స్‌తో. అవతల డేల్ హావర్‌చక్, డగ్ గిల్మోర్ ఉన్నారు, తర్వాత ఇద్దరూ పెద్ద లీగులో (ఎన్‌హెచ్‌ఎల్) మహామహులయ్యారు. 5-2తో ఓడిపోయాం. ఏడాది తిరిగేసరికి మళ్ళీ ఫైనల్, ఈసారి క్యుబెక్‌లోని హల్ అనే ఊళ్ళో. కోచ్ జో క్రోజియర్. కెప్టెన్ బ్రయన్ బెలోస్. డిఫెన్స్‌లో ఒకవైపు అల్ మకినిస్, ఇంకోవైపు స్కాట్ స్టీవెన్స్. షెర్‌బ్రూక్ మీద 7-4తో గెలిచాం.

ఆ ఇద్దరు డిఫెన్స్ కుర్రాళ్ళ గురించి ఒక్క మాట. స్టీవెన్స్ పుట్టిందే కిచెనర్‌లో. అప్పటికి వాడికి పద్దెనిమిదేళ్ళు, ఎదుటివాణ్ణి భుజంతో గుద్దితే స్టాండ్స్‌లో కూర్చున్నవాడికి కూడా నొప్పి పుట్టేదట. మకినిస్‌ది నోవా స్కోషియాలో పోర్ట్ హుడ్ అనే చిన్న ఊరు. వేసవంతా ఇంటి దగ్గర పాక గోడకేసి పక్ (హాకీ ఆడే రబ్బరు బిళ్ళ) కొట్టీ కొట్టీ తయారైన షాట్ అది. తర్వాత పెద్ద లీగులో ఆ షాట్‌తో ఒక గోలీ (గోల్‌కీపర్) మాస్కునే పగలగొట్టాడు. 2007లో ఇద్దరినీ ఒకే రోజు హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. పద్దెనిమిదేళ్ళ ప్రాయంలో ఇద్దరూ మన కిచెనర్ ఐస్ మీద ఒకేసారి ఆడారన్నమాట, అదీ ఆ రోజుల్లో నాలుగైదు డాలర్ల టికెట్‌కి అని మా లాండ్‌లార్డ్ చెప్తుంటాడు.

హన్మకొండ_హరి
లాండ్‌లార్డులు చెప్పే టికెట్ ధరలు, వాళ్ళు చెప్పే రెంట్ డిస్కౌంట్లు ఒక్కటే అన్నా. నమ్మొద్దు.

నైట్‌షిఫ్ట్_నాని
2003 నేను చెప్తా, అది నాకిష్టం. కోచ్ పీటర్ డిబోర్. ముందు ఒట్టావాను ఓడించి ఒంటారియో టైటిల్, ఆ తర్వాత క్యుబెక్ సిటీలో మెమోరియల్ కప్. ఫైనల్లో హల్ మీద 6-3. డెరెక్ రాయ్ టోర్నీకే ఉత్తమ ఆటగాడు. మైక్ రిచర్డ్స్ ఆ టీమ్‌లో పిల్లాడు; తర్వాత లాస్ ఏంజెలెస్‌తో రెండు స్టాన్లీ కప్పులు (పెద్ద లీగు కప్పు అది), 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో బంగారం, అన్నీ వాడికే. గ్రెగరీ క్యాంప్‌బెల్ కూడా ఆ బ్యాచే. 2013లో బోస్టన్‌కి ఆడుతూ పక్‌కి కాలు అడ్డం పెడితే ఎముక విరిగింది. విరిగిన కాలితోనే నిలబడి ఆ షిఫ్ట్ (ఐస్ మీద తన వంతు) పూర్తి చేశాడు. నాకు ముల్లు గుచ్చుకుంటే వర్క్ ఫ్రం హోం పెట్టుకుంటా.

ఓషవా_శ్రీను
గెలిచిన కథలు అందరూ చెప్తారు. 1990 కథ చెప్పనివ్వండి. నేను ఓషవా జనరల్స్ అభిమానిని కాబట్టి ఇది నాకు పండగ, మీకు తద్దినం.

ఆ ఏడాది మెమోరియల్ కప్ హామిల్టన్‌లో. రూల్ ప్రకారం ఆతిథ్య జట్టు నేరుగా ఆడాలి. కానీ హామిల్టన్ డ్యూక్స్ ఆ సీజన్లో ఎంత ఘోరంగా ఆడారంటే, వీళ్ళను పెడితే నవ్వులపాలవుతాం అని లీగ్ వాళ్ళే పక్కన పెట్టేశారు. ఆ ఖాళీలో ఒంటారియో ఫైనల్లో ఓడిన జట్టును పిలిచారు. ఆ ఓడిన జట్టే కిచెనర్. ఓడించింది మేమే, ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో 4-3.

అంటే మా చేతిలో ఓడినవాళ్ళు దొడ్డిదారిన వచ్చి మళ్ళీ ఫైనల్లో మా ఎదురుగానే నిలబడ్డారు. మా వైపు ఎరిక్ లిండ్రోస్. అప్పటికి పదిహేడేళ్ళే గానీ ఆకారం చూస్తే ముప్పై. కోప్స్ కొలిజియంలో పదిహేడు వేల పైచిలుకు జనం. మూడు పీరియడ్లు అయ్యేసరికి 3-3. ఓవర్‌టైమ్, తేలలేదు. రెండో ఓవర్‌టైమ్. చివరికి గోల్ కొట్టింది లిండ్రోస్ కాదు, బిల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అని ఒక డిఫెన్స్ ఆటగాడు. ఆ గోల్‌తో అయిపోయింది.

కిచెనర్‌లో ముసలాళ్ళ ముందు ఆ పేరెత్తి చూడండి.

వాటర్లూ_వెంకట్
శ్రీనూ, మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు ఇదే కథ చెప్పి మా పొరుగాయన మూడ్ పాడుచేశావు. ఆయన ఇప్పటికీ "ఆ షార్ట్ ఫ్రెండ్ బాగున్నాడా" అని అడుగుతాడు, కళ్ళల్లో మాత్రం కత్తులు.

ఓషవా_శ్రీను
షార్ట్ ఏంటి, ఐదూ ఏడు.

పుల్లట్టు
హాకీ ఏమో గానీ ఈ థ్రెడ్ బాగుంది, పాప్‌కార్న్ తెచ్చుకున్నా. 2008లో ఏమైంది?

మంచుముక్క
2008 వద్దు.

లండన్_రాజా
2008 కావాలి.

వాటర్లూ_వెంకట్
సరే. అప్పుడు నేను మాస్టర్స్ స్టూడెంట్‌ని. డిబోర్ ఆఖరి సీజన్. బెల్‌విల్ మీద ఏడు మ్యాచ్‌ల సిరీస్ గెలిచి ఒంటారియో టైటిల్ కొట్టాం. మెమోరియల్ కప్ కూడా మన ఊళ్ళోనే, ఆతిథ్యం మనదే. మనం ఎలాగూ ఉన్నాం కాబట్టి ఒంటారియో స్థానం రన్నరప్ బెల్‌విల్‌కి వెళ్ళింది. సెమీఫైనల్లో వాళ్ళను 9-0తో చితక్కొట్టాం. ఊరంతా నీలం జెండాలు. నా రూమ్మేట్ ఒకడికి హాకీలో అ ఆలు కూడా రావు, వాడు కూడా ముఖానికి రంగు పూసుకున్నాడు.

ఫైనల్ స్పోకేన్ చీఫ్స్‌తో. పశ్చిమ లీగులో ఆడే అమెరికా జట్టు. వాళ్ళ గోలీ డస్టిన్ టొకార్‌స్కీ, చూస్తే మామూలు కుర్రాడిలా ఉన్నాడు. మేం యాభైకి పైగా షాట్లు కొట్టాం. ఒక్కటే లోపలికెళ్ళింది. 4-1. మా సొంత ఇంట్లో.

అసలు కథ అప్పుడు మొదలైంది. కప్పు తీసుకుని స్పోకేన్ కుర్రాళ్ళు ఒకరికొకరు అందించుకుంటుంటే, కప్పు రెండు ముక్కలైపోయింది. నిజంగానే. పైన గిన్నె ఒకడి చేతిలో, కింద పీఠం ఇంకోడి చేతిలో. ఒక్క క్షణం బిల్డింగంతా నిశ్శబ్దం. తర్వాత ఆ ఏడుపు ముఖాల్తోనే మా సెక్షన్ మొత్తం పగలబడి నవ్వింది. నా వెనకాల ఒక ముసలావిడ "మంచిదైంది, మనం గెలిచుంటే మన చేతిలో విరిగేది" అంది. ఊరేగించేది అసలు కప్పు కాదు, నకలు. అసలుది భద్రంగా లోపల ఉంటుంది.

హన్మకొండ_హరి
ఆ ముసలామె మాట మా నాయనమ్మ మాట లెక్కనే ఉంది. పాలు పొంగిపోయినా, పీడ పోయింది అంటది.

లక్ష్మి_బ్రాంప్టన్
కప్పుల గోల సరే, నాదొక వేరే గోల. మా బాబు పదకొండేళ్ళు, హాకీ ఆడతాడు. గేర్, ఐస్ టైమ్, టోర్నీలకు హోటల్ ఖర్చు, అన్నీ కలిపి మా కారు ఈఎంఐ కంటే ఎక్కువవుతోంది. ఇప్పుడు తను "పదహారుకి డ్రాఫ్ట్ అయితే (ఏదో ఒక జట్టు ఎంచుకుంటే) వేరే ఊరికి వెళ్ళిపోతా" అంటున్నాడు. నాకు గుండె గుభేల్‌మంది. పదహారేళ్ళ పిల్లాణ్ణి ఎవరింట్లోనో పెట్టి, రాత్రుళ్ళు బస్సుల్లో తిప్పుతూ ఆడించి, వీళ్ళకు జీతం కూడా ఇవ్వరట కదా? టికెట్లు మాత్రం అమ్ముతారు. ఇది న్యాయమా?

మంచుముక్క
అక్కా, విజయవాడ హాస్టల్లో ఇంటర్ చదివినవాళ్ళం. పదహారేళ్ళకే ఇంటికి దూరంగా, పొద్దున నాలుగున్నరకి లేపి, జీతం లేదు సరికదా మేమే లక్షలు కట్టాం. పైగా ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

లక్ష్మి_బ్రాంప్టన్
😂 అది నిజమే గానీ నా ప్రశ్నకు జవాబు కాదు తమ్ముడూ.

నైట్‌షిఫ్ట్_నాని
లక్ష్మిగారి ప్రశ్న కోర్టుకే వెళ్ళింది. మేం ఉద్యోగులం, కనీస వేతనం ఇవ్వాలి అని మాజీ ఆటగాళ్ళు 2014లో కేసు వేశారు. 2020లో 3 కోట్ల డాలర్లకు రాజీ అన్నారు. ఈలోగా 2018లో ఒంటారియో ప్రభుత్వం వీళ్ళు కార్మిక చట్టం కిందకి రారు అని రూల్ మార్చేసింది. వారానికి చేతిఖర్చు ఇస్తారు. ఆడిన ఒక్కో సీజన్‌కి ఒక ఏడాది చదువు ఫీజు లెక్కన స్కాలర్‌షిప్ వస్తుంది. మంచి డీలా కాదా అంటే, పెద్ద లీగుకి వెళ్ళేవాడికి అవసరం లేదు, వెళ్ళనివాడికి అదే ఆధారం. వెళ్ళనివాళ్ళే ఎక్కువ.

ఇంకో మార్పు. ఇదివరకు ఇక్కడ ఒక్క మ్యాచ్ ఆడినా అమెరికా కాలేజీ హాకీకి దారి మూసుకుపోయేది. 2024 నవంబర్‌లో ఆ రూల్ ఎత్తేశారు, 2025 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చింది. మీ వాడి టైముకి రెండు దారులూ తెరిచే ఉంటాయి.

గ్వెల్ఫ్_బాబాయ్
బస్సుల సంగతి లక్ష్మమ్మ ఊరికే అనలేదు. 1986 డిసెంబర్ చివర్లో స్విఫ్ట్ కరెంట్ టీమ్ బస్సు మంచులో బోల్తాపడి నలుగురు కుర్రాళ్ళు పోయారు. అదే టీమ్ 1989లో మెమోరియల్ కప్ గెలిచింది. 2018లో హంబోల్ట్ టీమ్ బస్సు ప్రమాదంలో పదహారు మంది. ఆ వారం మా వీధిలో ఇళ్ళ ముందు వరండాల్లో హాకీ స్టిక్కులు నిలబెట్టారు. మేమూ గరాజ్‌లో ఉన్న పాత స్టిక్కు తీసి పెట్టాం. మా ఆవిడకి ఆటంటే ఏంటో తెలీదు, దీపం కూడా పెట్టింది.

లక్ష్మి_బ్రాంప్టన్
బాబాయ్ గారూ 🙏

కేంబ్రిడ్జ్_కల్యాణి
లక్ష్మీ, ఎవరింట్లోనో పెట్టి అన్నావు కదా, ఆ ఎవరిల్లో మా పక్కిల్లే. వాళ్ళను బిల్లెట్ ఫ్యామిలీ అంటారు. రెండు సీజన్లు ఒక కుర్రాణ్ణి ఉంచుకున్నారు. మ్యాచ్ రోజు మధ్యాహ్నం మిక్సింగ్ బౌల్ అంత గిన్నెడు పాస్తా తిని రెండు గంటలు నిద్రపోయేవాడు, ఆ టైములో వీధిలో ఎవరూ లాన్ మోవర్ తియ్యకూడదని ఆవిడ ఇంటింటికీ చెప్పేది. ఒకసారి మా ఇంట్లో పప్పు, ఆవకాయ పెట్టా. కళ్ళ నీళ్ళు కారుతున్నా "ఐ లైక్ ఇట్" అంటూ రెండోసారి వేయించుకున్నాడు. వాళ్ళ అమ్మ ఉత్తరం వైపు ఎక్కడో పది గంటల ప్రయాణం, వారానికోసారి వీడియోలో చూసుకునేది. సీజన్ మధ్యలో ఒకరోజు వాణ్ణి వేరే టీమ్‌కి ట్రేడ్ చేశారు. పొద్దున ఫోన్ వచ్చింది, సాయంత్రానికి బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయాడు. పక్కింటావిడ నాలుగు రోజులు ఆ గది తలుపు తియ్యలేదు.

వాడికి పదిహేడు అప్పుడు.

లక్ష్మి_బ్రాంప్టన్
ఇది వినకుండా ఉండాల్సింది.

వాటర్లూ_వెంకట్
దెబ్బల సంగతి కూడా దాచకూడదు. 2009లో కిచెనర్ కుర్రాడు బెన్ ఫనెల్లీ, పదహారేళ్ళు, ఒక హిట్‌కి హెల్మెట్ ఊడిపోయి పుర్రె చిట్లింది. కొట్టినవాణ్ణి ఆ సీజన్ మొత్తానికీ సస్పెండ్ చేశారు. ఫనెల్లీ ఇక ఆడడనుకున్నారు. రెండేళ్ళకి తిరిగొచ్చాడు, తర్వాత కెప్టెన్ కూడా అయ్యాడు. మీ పెద్దాయన్ని అడుగు కిట్టూ, కప్పులకంటే ముందు ఈ పేరే చెప్తాడేమో.

పుల్లట్టు
ఒక డౌట్. ఈ టీమ్ ఓనర్ ఎవరు? ఇంత డబ్బున్నవాడైతే పిల్లలకు జీతాలివ్వొచ్చుగా?

వాటర్లూ_వెంకట్
ఓనర్ లేడు. అదే ఈ టీమ్‌లో అసలు సంగతి. సీజన్ టికెట్ కొన్నవాళ్ళే సభ్యులు, వాళ్ళే బోర్డును ఎన్నుకుంటారు, బోర్డువాళ్ళకు పైసా రాదు. లాభం ఎవరి జేబులోకీ పోదు. మన ఊళ్ళో పాల సహకార సంఘం ఉంటుందే, అలా. పాలకు బదులు పెనాల్టీలు. పీటర్‌బరో, మూస్ జా లాంటి కొన్ని ఊళ్ళలోనూ ఇదే పద్ధతి. లండన్‌ది మాత్రం హంటర్ అన్నదమ్ములది, 2000లో కొన్నారు.

లండన్_రాజా
అన్నదమ్ములు కొన్నాకే కప్పులొచ్చాయి. ఎన్నికలు పెట్టుకోండి మీరు.

ఉప్పల్_స్టాండ్
సహకార సంఘం అంటే అర్థమైంది. ఓడినప్పుడు తిట్టడానికి ఓనర్ ఉండడు, మనల్ని మనమే తిట్టుకోవాలి. మా హైదరాబాద్ రంజీ కప్పు 1987లో గెలిచింది, దానికి ముందు 1938లో. మ్యాచ్ చూడ్డానికి వెళ్తే వాచ్‌మన్, నేను, రెండు కుక్కలు. ఏడు వేల మంది శుక్రవారం రాత్రి పిల్లల మ్యాచ్‌కి వస్తారంటే అసూయగా ఉంది.

గ్వెల్ఫ్_బాబాయ్
పోయేముందు కిట్టూకి ఒక ముక్క. రాడ్ గిల్బర్ట్ అని మా గ్వెల్ఫ్ కుర్రాడు, 1960 ప్రాంతంలో ఎవడో ప్రేక్షకుడు ఐస్ మీదికి విసిరిన చెత్త, ఐస్‌క్రీమ్ మూత అంటారు, దాని మీద స్కేటు జారి పడి వెన్ను విరిగింది. ఆపరేషన్‌లో కాలే పోయేంత పనైంది. అయినా న్యూయార్క్ రేంజర్స్‌కి వెళ్ళి 406 గోల్స్ కొట్టాడు. కాబట్టి ఐస్ మీద ఏమీ విసరకు నాయనా.

మంచుముక్క
టెడ్డీ బేర్ తప్ప బాబాయ్. డిసెంబర్‌లో సొంత జట్టు మొదటి గోల్ కొట్టగానే అందరూ బొమ్మలు విసురుతారు, పేద పిల్లలకు పంచుతారు. క్యాల్గరీ హిట్‌మెన్ మ్యాచ్‌లో 2018లో 29,935 బొమ్మలు పడ్డాయి.

హన్మకొండ_హరి
ఇరవైతొమ్మిది వేల బొమ్మలు ఎవలు ఏరిండ్రో పాపం.

కిచెనర్_కిట్టు
వెళ్ళొచ్చా. రిపోర్టు ఇస్తున్నా.

బిల్డింగ్ పేరు మెమోరియల్ ఆడిటోరియం, అందరూ 'ఆడ్' అంటారు. 1951లో కట్టిందట. లోపలికెళ్ళగానే బెంచీల మీద దుప్పట్లు పరుచుకుని కుటుంబాలు. నేను తొడుక్కున్న పల్చటి జాకెట్ చూసి పెద్దాయన ఏమీ అనకుండా తన సంచిలోంచి ఒక కంబళి తీశాడు. ముందే తెచ్చాడన్నమాట, నా సంగతి తెలిసే.

మా సీట్లు గ్లాసుకి నాలుగో వరస. టీవీలో హాకీకి చప్పుడుండదు. ఇక్కడ ఒక కుర్రాడు ఇంకోణ్ణి గోడకేసి గుద్దితే గ్లాసంతా ఊగి నా కాఫీ మీద అలలొచ్చాయి. స్కేట్లు ఆగినప్పుడు కొబ్బరి కోరుతున్నట్టు కర్రుమని చప్పుడు, మంచు పొడి పైకి లేస్తుంది. హెల్మెట్ తీస్తే మొటిమలు. మా తమ్ముడంత ఉన్నారు.

మొదటి విరామంలో పెద్దాయన అడిగాడు, "చదివావా? ఎన్ని?" అని. "ఈ ఊరివి రెండు. ఒకటి గ్వెల్ఫ్ నుంచి సామానుతో పాటు వచ్చింది" అన్నా. కాసేపు ఆలోచించి, "ఆ సామాను ఇంకా విప్పలేదనుకో" అన్నాడు. ఆ తర్వాత వెంకట్ అన్న మాట గుర్తొచ్చి 1990 గురించి అడిగా. అంతే. రెండో పీరియడ్ ఎనిమిది నిమిషాలు నేను ఆట చూడలేదు. ఆయన ఆ రోజు హామిల్టన్‌లో ఉన్నాడట, తిరుగు ప్రయాణంలో కార్లో నలుగురూ ఒక్క మాట మాట్లాడుకోలేదట, రేడియో కూడా పెట్టలేదట.

ఓషవా శ్రీను ఎవరో నాకు తెలుసని మాత్రం చెప్పలేదు.

ఓషవా_శ్రీను
బతికించావు.

వాటర్లూ_వెంకట్
స్కోరు?

కిచెనర్_కిట్టు
ఓడిపోయాం. రెఫరీ చూసీ చూడనట్టు వదిలేశాడు, ఆ చివరి పెనాల్టీ ముమ్మాటికీ మనకే రావాలి. దాని గురించి ఇంకో థ్రెడ్ పెడతా.

పుల్లట్టు
ఎనిమిది రోజుల్లో రెఫరీని తిట్టేదాకా వచ్చాడు.

లండన్_రాజా
వచ్చే నెల మా వాళ్ళు కిచెనర్ వస్తున్నారు. నలుగురం వస్తాం. ఎవరైనా సీట్లు చూసి పెడతారా? మ్యాచ్‌కి ముందు పార్కింగ్‌లో కలుద్దాం.

వాటర్లూ_వెంకట్
సీట్లు నేను చూస్తా. మా ఆవిడ పులిహోర చేస్తుంది, బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి కార్లోనే తినాలి. ఆకుపచ్చ జెర్సీ వేసుకొచ్చినవాళ్ళకి అప్పడం ఉండదు.

లండన్_రాజా
జెర్సీ లోపల వేసుకుని పైన కోటు తొడుక్కుంటా. అప్పడం రెండు ఉంచండి.